పోటు వేళ ఆట

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే
ఇంజను గది పక్కన, బోర్లించిన డీజిల్ డబ్బా మీద
చదరంగం పలక ఉండేది.
ఉప్పుగాలికి నల్లగడులు మట్టిరంగుకి దిగి
తెల్లగడులూ అదే రంగుకి దిగి
ఏది ఏదో అలవాటున్న చేతికే తెలిసేది.

సరంగు పోలయ్య మొదటిరోజే చెప్పాడు:
"మధ్య రెండు వరసలూ ఏరు, పాపా.
పోటులో ఉండగా బంట్లు దిగకూడదు.
పాటు తీసాక నడిచిపోవచ్చు, బురదే."
పోటో పాటో ఎవరు తేల్చాలి?
తల తిప్పి రేవు మెట్లు చూసుకోవడమే.
నాలుగో మెట్టు మునిగితే పోటు.

శకటుని అక్కడ శకటు అనరు. పడవ.
"ఏటికి అడ్డంగా తిన్నగా పోయిన పడవని
ఎప్పుడన్నా చూసావా నువ్వు?
ఏటవాలుగానే కదా."
పక్క గడిలో బంటుంటే ఎక్కించుకుంటుంది.
అవతల ఖాళీ గడి చూసి దింపుతుంది.
ఒక్కణ్ణే. ఇద్దరైతే మునుగుతుంది.

గుర్రం ఈదుతుంది. ఏనుగు ఒడ్డునే ఆగిపోతుంది,
దాని బరువుకి టిక్కెట్టు లేదు.
తెల్ల మంత్రి ఒక గాలివాన రోజు ఏట్లో పడిపోయాడు.
అప్పట్నుంచి నల్ల మంత్రినీ ఆడనివ్వరు.
పలక అంచున నిలబడి చూస్తుంటాడు,
పింఛను తీసుకునే పెద్దమనిషిలా.

ఇంకోటుంది. అదే నన్ను ఏడిపించింది.
పంటు గట్టుకి తగిలితే ఆట వదిలి దిగిపోవాలి,
నీ బలగాన్ని అటునుంచి ఎక్కేవాళ్ళకి అప్పజెప్పి.
మూడెత్తుల్లో కట్టు చేతికందిన ఆటని
రొయ్యల మేత బస్తాలతో వచ్చిన ఏసుపాదానికి ఇచ్చేసి దిగాను.
అతను గుర్రాన్ని వెనక్కి లాగేసాడట.
మర్నాడు నిలదీస్తే
"ఆయ్, తొందరేముందండీ" అన్నాడు.

నా పదమూడో ఏట భీమవరంలో పోటీలు.
చల్లటి హాలు, కొత్త గడియారాలు,
దగ్గితే తలలు తిరిగేంత నిశ్శబ్దం.
పదిహేడో ఎత్తు. నా శకటు పక్కనే నా బంటు.
కళ్ళు గడుల మీదే ఉన్నాయి,
చెయ్యి మాత్రం రేవులో ఉంది.
రెంటినీ కలిపి ఎత్తి, ఏటవాలుగా తీసుకెళ్ళి
పక్కపక్కన దింపాను.

ఎదుటి కుర్రాడు చెయ్యెత్తాడు.
అంపైరు వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, వంగి,
"చెల్లదమ్మా ఇది" అని
వాడి గడియారంలో రెండు నిమిషాలు కలిపాడు.
ఓడింది అందుకు కాదు.
ఆ తరవాత ఒక్క ఎత్తూ
నేనెరిగిన నేల మీద పడలేదు.

తిరిగొచ్చేసరికి ఆఖరి పంటు.
వశిష్ఠ ఐదో మెట్టుదాకా ఎక్కి ఉంది.
పోలయ్యకి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను.
చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుని
ఒంటిచేత్తో చుక్కాని తిప్పుతూ
చాలాసేపు నీళ్ళకేసి చూసాడు.

"ఇంతకీ ఆ బంటు
గట్టున దిగిందా, లేదా?"