మూడో వలయం

ఆగస్టులో వేశాం, జనవరి కోసం.
ఒతారు రేవుకు పైన, చేపల మండీ ముందున్న వాలులో
ఇనుప వల పరిచి, దాని మీద తీగ.
సాలు చివర మళ్లే నాగలిలా
పోయి, తిరిగొచ్చి, పోయి, తిరిగొచ్చి,
బెత్తెడు దూరం తప్పకుండా.
ముక్కు చివరి చెమట తీగ మీద రాలేది.
వేడి పరచడానికి వచ్చినవాళ్లం
వేడినే తిట్టుకున్నాం.

నాలుగు వలయాలు. ఒక్కోదానికి ఒక్కో స్విచ్చి.
గుమ్మం పైన గిన్నెంత సెన్సరు:
తడీ చలీ ఒకేసారి తగిలితేనే మేలుకుంటుంది.
ఒట్టి చలికి లేవదు, ఒట్టి వానకీ లేవదు.
"మా ఆయన కంటే నయం," అంది చేపలమ్మే సవా,
"ఆయన దేనికీ లేవడు."

కాంక్రీటు పోసిన రోజు
ఇసాము అనే కుర్రాడు, పనికి కొత్త,
ముద్ద సర్దుతూ దంతె గట్టిగా లాగాడు.
మూడో వలయం దగ్గర చిన్న చప్పుడు,
గోరు తీగను మీటినట్టు.
వాడు నా వైపు చూశాడు.
నేను మీటరు వైపు చూశాను.
ముల్లు నిండుగా లేచి నిలబడింది.
మీటరే మంచిదన్నాక మనమెవరం?
వాడు నోరు మెదపలేదు. నేనూ.
బూడిద రంగు ముద్ద ఆ మాటను కప్పేసింది.

మొదటి చలికాలం నాలుగూ లేచాయి.
ఊరంతా తెలుపు, మండీ వాలు ఒక్కటే నలుపు,
ఆవిరి కక్కుతూ
అప్పుడే నీళ్లలోంచి లేచిన సీల్ వీపులా.

రెండో చలికాలం
నీళ్లు ఆ గీరును వెతుక్కున్నాయి.
నీళ్లకు మీటరుతో పనిలేదు.
మూడో స్విచ్చి
పైకి తోస్తే కిందికి, తోస్తే కిందికి.
నల్లటి వాలు నడుమ
మంచమంత వెడల్పు తెల్లటి పట్టీ మిగిలిపోయింది.
పగలగొట్టాలంటే ఖర్చు, అన్నాడు మండీ ఓనరు తొకుమిత్సు.
సవా ఏమీ అనలేదు.
చిప్పలు సుత్తితో దంచి
పొద్దున్నే ఆ పట్టీ మీద చల్లేది,
కోళ్లకు గింజలేసినట్టు.
పదకొండేళ్లు చల్లింది.
ఆ పదకొండేళ్లూ ఏటేటా తనిఖీకి వచ్చి
నేను పక్కనున్న నలుపు మీంచే ఎక్కాను.

ఈ ఫిబ్రవరిలో కాగితం వచ్చింది:
మండీ మూసేశారు, కరెంటు తీసేయండి.

వెళ్లేసరికి మంచు పడుతోంది.
ఇనుప తలుపులు దించి ఉన్నాయి.
సెన్సరుకు ఎవరు చెబుతారు?
తడీ చలీ తగిలాయి, లేచింది,
మూసిన తలుపు దాకా
దారి శుభ్రం చేసి పెట్టింది.
సవా ఏదని పక్క దుకాణంలో అడిగాను.
"తుంటి ఎముక. ఇక్కడ కాదులెండి, స్నానాల గదిలో."
ఇక్కడ కాదు.
అమ్మయ్య అనుకున్నాను,
అనుకున్నందుకు సిగ్గేసింది.

వేడిని చూసే కెమెరా తీశాను, చెప్పని పని.
తెర మీద మూడు వలయాలు నారింజ రంగులో,
మూడోది నీలంగా.
దానిలోకి వేరే పెట్టెతో కాస్త కరెంటు తోస్తే
నీలంలో ఒక్కచోట చుక్క వెలిగింది.
దంతె లాగిన చోటే.
ఉలితో అరచేతంత గుంట తవ్వాను.
గీరు అక్కడే ఉంది, గోరంత.
కోసి, కలిపి, గొట్టం తొడిగి బిగించాను.
ముల్లు లేచింది.
ఈసారి నమ్మలేదు, మూడుసార్లు చూశాను.

స్విచ్చి తోశాను. నిలబడింది.
గంటన్నర పట్టింది కరగడానికి.
ముందు బూడిద రంగు, తర్వాత చిల్లులు చిల్లులు,
అంచుల నుంచి నలుపు లోపలికి పాకింది.
అడుగున బయటపడింది చిప్పల పొడి,
డిసెంబరు దాకా చల్లినట్టుంది,
పొర మీద పొర.

పన్నెండేళ్లకు వాలంతా ఒకే నలుపు.
పై వీధి క్లినిక్కుకు పోయే ముసలాయన ఒకాయన
కర్ర టకటకలాడిస్తూ
నట్టనడుమ నుంచి ఎక్కిపోయాడు,
కాళ్ల కింద చిప్పలు కరకరమన్నా
కిందికి చూడకుండానే.

ఆయన పైకి చేరేదాకా ఆగాను.
కాగితం మీద సంతకం పెట్టి,
ఒకటి, రెండు, నాలుగు.
మూడోది చివర.