క ఉన్న చోటల్లా

ముందే చెప్పేస్తున్నా, ఈ పేరు మన లిపిలో ఇమడదు.
కకాంబ అని రాస్తాను. అది తప్పు.
క ఉన్న చోటల్లా నాలుకను అంగిలికి అదిమి
ఒక్కసారిగా వదలండి.
సీసా మూతికి బిగించిన బిరడా ఊడినట్టు
టొక్‌మనాలి.
రెండుసార్లు. మధ్యలో ఊపిరి తెగకూడదు.
కంఠ్యమూ కాదు, తాలవ్యమని తేల్చలేం,
తలకట్టు నిలవని హల్లు అది.

ఊరు గెబెర్హా.
ఆ పేరులోనూ ఒక టొక్ ఉంది, దాని సంగతి మరోసారి.

లిండెల్వా కడుపుతో ఉన్నప్పుడే ఎంచుకుంది.
ప్రకాశించు అని అర్థం. ఆజ్ఞ,
పిడికెడు పిల్లకి.
వీధిలో ఎవరికీ లేదని వాకబు చేసుకుంది.
టైర్ల ఫ్యాక్టరీలో సిబబాలో
షిఫ్టు షిఫ్టంతా అడిగొచ్చాడు.
లేదు, లేదు, ఒకాయన మేనత్తకి ఉండేదిట, పోయింది.
ఆ రాత్రి ఇద్దరూ
రోడ్డు మీద దొరికిన నోటులా
ఆ పేరును మడిచి దాచుకున్నారు.

రిజిస్ట్రేషన్ కిటికీ దగ్గర కాగితంలో
రెండో పేరుకని ఇంకో గడి ఉంది.
"నోరు తిరగనివాళ్ల కోసం ఏదైనా సులువుది రాయండి,
గ్రేసో, జాయో. రేపు ఉద్యోగానికి పనికొస్తుంది,"
అంది గుమస్తా, మంచికే.
లిండెల్వా కలం ఆగింది.
వెనక నుంచి అత్తగారు వయొలెట్ చేయి చాచి
ఆ గడిలో అడ్డంగా గీత కొట్టింది,
కాగితం చిరిగేంత.

మూడేళ్లకి
పిల్లల బడి గేటు దగ్గర లిండెల్వా పిలిస్తే
మూడు తలలు తిరిగాయి.
పెద్ద కకాంబ, ఎర్రటోపీ కకాంబ, చీమిడిముక్కు కకాంబ.
తనది చీమిడిముక్కు.
ఇంటికొచ్చి ఏడ్చినంత పని చేసింది.
"ఎవరికీ లేదనుకుని పెట్టాను,
ఇప్పుడు టమాటాల్లా బుట్టలకొద్దీ!"

టీచరు టెర్‌బ్లాంష్ గారి తంటా వేరు.
మొదటి వారం పాపా, పాపా అని నెట్టుకొచ్చింది.
తర్వాత ఎర్రలైటు పడ్డప్పుడల్లా
కారు అద్దంలో నోరు తెరిచి సాధన.
పక్క కారు మనిషి పంటినొప్పి అనుకున్నాడు.
ముగ్గురూ ఆమెను దిద్దుతారు.
రోజూ. జాలి లేకుండా.

వయొలెట్ మాత్రం ముగ్గురా అని పడీపడీ నవ్వింది.
బఠాణీలు ఒలుస్తూ చెప్పింది:
"మిషన్ బడిలో మేం ఎనిమిదిమంది వయొలెట్లం.
దొరసాని దగ్గరున్నవి నాలుగే పువ్వులు.
వరసలో నిలబెట్టి వేలు చూపిస్తూ పంచింది,
డైసీ, లిల్లీ, ఐరిస్, వయొలెట్,
అయిపోతే మళ్లీ మొదట్నుంచి.
ఆ పువ్వును నేనింతవరకూ చూడనేలేదు.
ఆమె నాలుక బద్ధకానికి ఎనిమిదిమందిమయ్యాం.
వీళ్లు అలా కాదే పిల్లా.
మూడిళ్లలో ముగ్గురు తల్లులు
ఒకరికొకరు తెలియకుండా
ఒకే మొండితనం చేశారు."

బఠాణీ ఒకటి మంచం కిందికి దొర్లింది.

ఆమె అసలు పేరు నొకావె.
ఆదివారం పుట్టిన పిల్ల.
ఇక్కడ క మళ్లీ వేరు. నాలుక కొస పళ్ల వెనక పెట్టి,
అయ్యో పాపం అనబోయే ముందు చేస్తామే, ఆ చప్పుడు.
మనం జాలికి వాడేదాన్ని వాళ్లు పేరుకి వాడతారు.
ఆ పేరు లిండెల్వా పలకకూడదు.
మన అమ్మమ్మలు మొగుడి పేరును మింగినట్టు
అక్కడి కోడళ్లు అత్తమామల పేర్లు మింగుతారు.

పింఛను వరసలో వయొలెట్ అని పిలిస్తే
ఇప్పటికీ నలుగురు ముసలమ్మలు లేస్తారు,
కర్రలు వెతుక్కుంటూ, ఒకర్నొకరు చూసి నవ్వుకుంటూ.
నొకావె అంటే ఒక్కతే.
అలా పిలిచేదీ ఒక్కతే, చీమిడిముక్కు.
ఎవరు నేర్పారో ఎవరూ ఒప్పుకోరు.
మెట్ల మీద పడి ముందుపన్ను విరగ్గొట్టుకుంది కదా,
ఆ సందులోంచి చప్పుడు
కాస్త ఈలలా జారుతుంది.

అది తప్పు ఉచ్చారణ.
ముసలామె దిద్దదు.