తాడు కొస

మా తమ్ముడు స్తంభమెక్కిన రోజు
వాడి బూట్లకి అడుగున కూడా పాలిష్ పట్టాను.
పిచ్చా నీకు, అంది అమ్మ.
కింద నిలబడ్డవాళ్ళకి కనబడేది అదే కదా మరి.

అది అక్రన్. పందొమ్మిదివందల ముప్పై, జూన్.
ఉతికి ఆరేసిన దుప్పట్లు కూడా
రబ్బరు కంపు కొట్టే ఊరు.
క్లింగ్‌హాఫర్ ఫర్నిచర్ దుకాణం డాబా మీద
ముప్పై అడుగుల స్తంభం,
కొసన పీపా మూతంత చెక్క,
చెక్క మీద పద్నాలుగేళ్ళ లూడో.
కింద బోర్డు:
"మా కుర్చీలు ఇంతకంటే మెత్తన!"
రోజుకి డాలరున్నర.
ఆ ఏడు ఊరికొకడు ఎక్కుతున్నాడు,
చెట్లు, స్తంభాలు, నీళ్ళ ట్యాంకులు,
ఎక్కడ పొడుగ్గా ఏదుంటే అది.
ఎందుకని అడిగితే
నిన్ననే పుట్టావా అన్నట్టు చూసేవారు.

నా ఉద్యోగం తాడు.
పైకెళ్ళేది బుట్ట, కిందికొచ్చేది బకెట్టు.
పేపరువాడు బుట్ట ఫొటోయే వేశాడు.
ఒకసారి లాగితే బాగున్నానని,
రెండుసార్లు లాగితే ఆకలని,
మూడుసార్లయితే భయమని.
మూడు ఎప్పుడూ రాలేదు,
పిడుగులు పడ్డ ఏడో రాత్రి కూడా.
ఆ రాత్రంతా తాడు మణికట్టుకి చుట్టుకుని
డాబా మీద తడుస్తూ కూర్చున్నాను.
గంటకోసారి ఒక్క కుదుపు.
అబద్ధమని తెలుస్తూనే ఉంది, తాడు వణుకుతోంది.

తొమ్మిదో రోజుకి జనం వీధి పట్టలేదు.
నిమ్మరసం అమ్మేవాడొచ్చాడు,
మెడనొప్పి తైలం అమ్మేవాడొచ్చాడు.
బళ్ళో వాడి పేరైనా సరిగా పలకని మిల్డ్రెడ్ ష్రోడర్
బుట్టలో గులాబిరంగు రిబ్బను పంపింది.
మాకు అప్పుపెట్టడం మానేసిన కసాయి
సాసేజి దండొకటి ఊరికే ఇచ్చాడు.
కాలు కింద పెట్టనివ్వని వైభోగం,
రెండు విధాలా.

పదమూడో రోజు
ఎదురుగా ఖాళీ స్థలంలో చిట్టి గోల్ఫ్ తెరిచారు.
రంగు బల్బులు, మోకాలెత్తు గాలిమర,
పత్తిగింజల పొట్టుకి ఆకుపచ్చ వేసి పరిచిన గడ్డి.
ఒక్క రాత్రిలో
ఊరి మెడలన్నీ పైనుంచి కిందికి తిరిగాయి.
మూణ్ణాళ్ళ ముచ్చట అంటారు గానీ
మాకు పన్నెండు నాళ్ళు దక్కింది, ఎక్కువే.
తైలంవాడు సీసాల మీద చీటీ మార్చి
నడుంనొప్పికని అమ్ముకున్నాడు.

పదిహేనో రోజు క్లింగ్‌హాఫర్ నా దగ్గరికొచ్చి
టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ
దిగమను అమ్మాయ్, రేపట్నుంచి ఇవ్వలేను, అన్నాడు.
నేను చెప్పలేదు.
బుట్టలో చీటీ పెట్టాను: "జనం ఇంకా చూస్తున్నారు."
బుట్ట దిగింది, బ్రెడ్డు ముట్టుకోలేదు.
చీటీ వెనక వాడి కోడిగీతల రాత:

"బోజెనా, పైనున్నది నేను.
తలలు లెక్కపెట్టడం నాకొచ్చు.
ఇంకోటి చెప్తాను, అమ్మకి అనకు.
నాన్న ఫ్యాక్టరీకి పోవడం లేదు.
గేటు దాకా వెళ్ళి, వాచ్‌మన్‌తో రెండు మాటలాడి,
మలుపు తిరిగి కాలువ గట్టున కూర్చుంటున్నాడు.
మధ్యాహ్నం క్యారేజీ విప్పి సగం తింటాడు.
మిగతాది బాతులకేస్తాడనుకున్నా. కాదు,
మళ్ళీ కడుతున్నాడు.
సైరన్ మోగాక లేచి ఇంటికొస్తాడు.
ఎక్కిన మర్నాటినుంచీ చూస్తున్నాను.
దిగితే ఆయన మొహంలోకి ఎలా చూడను?"

చీటీ నమిలి మింగాను.
వేళాకోళం కాదు, అగ్గిపుల్ల దొరకలేదు.

పదహారో రోజు చీకటిపడ్డాక దిగాడు, చప్పట్లేమీ లేకుండా.
గాలిమర దగ్గర ఎవరో గెలిచి కేకేశారు.
నేల తగలగానే వాడి కాళ్ళు మడతపడ్డాయి.
ఇంటిదాకా నాన్నే భుజాన మోశాడు.
బూట్ల అడుగులు, ఇంకా మెరుస్తూ,
నా కళ్ళముందు ఊగాయి.

భోజనాల దగ్గర అమ్మ అడిగింది,
అంత పైనుంచి ఏమేం కనిపించాయిరా?
నాన్న చెంచా గాల్లో ఆగింది.
పొగ, అన్నాడు లూడో. ఒట్టి పొగేనమ్మా.
చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు.
నాన్న లేచి, క్యారేజీ తెరిచి,
అందులో మిగిలిన సగం రొట్టె
వాడి పళ్ళెంలో పెట్టాడు.

బల్ల కింద
నా గౌను అంచు పట్టుకుని ఎవరో లాగారు.
ఒకటి.
రెండు.
మూడు.