మంచు పెట్టె

నాలుగు కాళ్ళ దీపం,
శనగగింజంత.
పొడుగు కాలు ఉమ్మడిది. మిగతా మూడూ
ఎరుపుకొకటి, ఆకుపచ్చకొకటి, నీలానికొకటి.
చూసుకోకుండా తిరగేసిన రకం కొన్నాను.
ఇందులో సున్నా అంటే వెలుగు,
రెండువందల యాభై ఐదంటే చీకటి.
మొదటి రాత్రంతా నా పెట్టె
అన్నీ తలకిందులుగా చెప్పింది.
ఆర్పేస్తే తెల్లగా నవ్వింది.

షెఫీల్డ్‌లో వాక్లీ కొండవాలు.
వంటింటి బల్ల మీద టంకం పొగ,
పక్కన చల్లారిన ఉప్మా.
ఎరుపుకి రెసిస్టర్ పెద్దది వెయ్యాలి,
అది తక్కువకే రేగిపోతుంది.
ఆకుపచ్చ నోరు మూడొంతులు నొక్కితే గానీ
నారింజ రాదు.
పింగ్‌పాంగ్ బంతిని సగానికి కోసి బోర్లిస్తే
అప్పుడు మూడు చుక్కలూ ఒక్క ముద్దయ్యాయి.

ఏడు రంగులు పెట్టాను, గొప్పకి.
బ్యాటరీ తగ్గితే ఊదా,
తేమ ఎక్కువైతే నీలం,
సెన్సర్ వైరు ఊడితే గులాబీ.
వారం తిరక్కుండానే
గులాబీ ఎందుకు పెట్టానో మర్చిపోయి
నా కోడ్ నేనే తెరిచి చదువుకున్నాను.
ఐదు తీసేశాను.
బాగుంటే ఆకుపచ్చ. మంచు పడబోతే ఎరుపు.
ఇంతకన్నా తేలికేముంది?

డెనిస్ బ్రాడ్‌బెంట్ గాజు షెడ్డులో,
ఆయన పడకగది కిటికీకి ఎదురుగా కట్టాం.
ఎరుపు చూస్తే లేచి వెళ్ళి
నారు మీద గోనెపట్టా కప్పాలి, అదీ ఒప్పందం.

మే నెల రెండోవారం.
తెల్లారేసరికి టమాటా నారు
ఉడికించిన తోటకూరలా వాలిపోయింది.
"లైటు వెలగలేదా?"
"వెలిగింది హైమా, రాత్రంతా వెలుగుతూనే ఉంది.
అంతా బాగుందనుకున్నా."

టీ కప్పు కింద పెట్టి
డెబ్బై నాలుగేళ్ళ మనిషి
కిటికీ పగలగొట్టిన పిల్లాడిలా చెప్పాడు.
ఆ రెండూ ఆయనకి ఒకటేనట,
నిలవ ఆవపిండి రంగు.
ముప్ఫై ఒక్క ఏళ్ళు రోలింగ్ మిల్లులో
కాగిన ఇనుము ముందు నిలబడ్డవాడు
ఎవరికీ చెప్పలేదట.
"రంగెందుకు? వేడి ఎంతో చెంప చెప్పేది."

ఇంటికొచ్చాక నా భాష గుర్తొచ్చింది.
పసుపూ పచ్చే మనకి, ఆకూ పచ్చే.
"ఆ పచ్చ చీర తే" అని అమ్మమ్మ అంటే
మా పిన్ని ఏది తెచ్చినా తిట్లు తినేది.
ఇన్ని తరాలుగా సర్దుకుపోతున్నవాళ్ళం,
ఆయన కంటికి వంక పెట్టడమా?

రంగు మీద భారం వెయ్యడం మానేశాను.
పదో తరగతిలో నన్ను బెంచీ ఎక్కించిన ఛందస్సు
ఇన్నాళ్ళకి పనికొచ్చింది.
లఘువు రెండువందల మిల్లీసెకన్లు,
గురువు నాలుగువందలు.
అంతా బాగుంటే హగణం. సూర్యగణమే కదా,
ఒక పొడుగు, ఒక పొట్టి. ఆగి, మళ్ళీ.
మంచు పడబోతే నలం. అది ఇంద్రుడి పక్షం,
నాలుగు లఘువులు ఊపిరాడకుండా,
అదీ నీలంలో, నీలం ఒక్కటి
ఆయన కంటికి దక్కింది కనుక.

గణాల పేర్లు ఆయనకి చెప్పలేదు.
చెంచాతో కప్పు మీద కొట్టి చూపించాను.
నాలుగు పొట్టి దెబ్బలకి
"ఇది కంగారుపడుతోంది" అన్నాడు వెంటనే.
రెండోదానికి చాలాసేపు మాట్లాడలేదు.
చెంచా నా చేతిలోంచి తీసుకుని
తనే కొట్టాడు, పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి.
"మా నాన్న మెట్లెక్కడం ఇలాగే వినబడేది.
బొగ్గు గనిలో ఒక కాలు నలిగాక.
అది వినే దాకా అమ్మ దీపం తీసేది కాదు."

కొత్త నారు వేశాడు.
నిన్న రాత్రి పన్నెండు దాటాక
నీళ్ళు తాగడానికి లేచి కిటికీ దగ్గర నిలబడ్డాను.
దిగువన, క్యాబేజీ మళ్ళకి అవతల,
ఆయన పడకగదిలో చీకటి.
గాజు షెడ్డులో మాత్రం
వాళ్ళ నాన్న ఇంకా మెట్లెక్కుతున్నాడు.