కొండకు రాసిన ఉత్తరం

దుయితామా బస్టాండు వెనక
రెండో అంతస్తులో నా గది.
గోడ మీద పేగుల బొమ్మ, మూల తూకం యంత్రం,
కిటికీ తెరిస్తే డీజిలు వాసన.
ఏం తినాలో జనానికి చెప్పడం నా బతుకుతెరువు.

మంగళవారం ఎలియేసెర్ వచ్చాడు.
యోపాల్ నుంచి బొగోటాకి
పదహారేళ్ళుగా రాత్రి బస్సు నడుపుతున్నాడు.
జేబు తడిమి బల్ల మీద పరిచాడు
ఎనర్జీ బార్ల రేకు కాగితాలు మూడు.
మూడింటి మీదా ఒకడే మనిషి,
శిఖరం మీద చేతులు చాచుకుని.

"డాక్టరమ్మా, అన్నీ మానేశాను.
వేపుడు లేదు, రొట్టె లేదు, ఆఖరికి సూపూ లేదు.
ఇవే. ఓట్లు, తేనె, బాదం, అన్నీ మంచివేగా?
మరి నడుమెందుకు ఊరుతోంది?"

కళ్ళద్దాలు తుడుచుకుని వెనకవైపు తిప్పాను.
చీమతలంత అక్షరాలు.
తేనె నాలుగో చోట, బాదం తొమ్మిదో చోట.
చక్కెర మాత్రం మూడు మారుపేర్లతో
ముందు వరసలోనే ఉంది,
పెళ్ళిలో ప్రతి బంతిలోనూ
కొత్తగా ఆకు వేయించుకునే చుట్టంలా.

అయినా దాన్ని దొంగ అనలేకపోయాను.
మొన్న ఆదివారం అదే బార్
యురానీ జెర్సీ జేబులో చూశాను.
పద్నాలుగేళ్ళ పిల్ల, అరువు సైకిలు.
కొండదారి మూడో మలుపులో
పెదాలు పాలిపోయి, చక్రం నత్తయి,
పళ్ళతో రేకు చింపి సగం కొరికింది.
ఊపిరికీ నమలడానికీ ఉన్నది ఒకటే నోరు.
ఐదో మలుపు దాటాక
నన్ను చూసి నాలుక బయటపెట్టి వెక్కిరించింది.
అప్పుడు గానీ నా గుండె కుదుటపడలేదు.

"ఎలియేసెర్, ఇది కొండకు రాసిన ఉత్తరం.
పొరపాటున నీ సీటుకు చేరుతోంది.
నువ్వు కొండ ఎక్కవు, నీ బస్సు ఎక్కుతుంది.
దాని డీజిలు అది తాగుతోంది,
నువ్వు తాగింది ఎక్కడికి పోతుంది?
కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు.
నీ కొండ కరగలేదయ్యా,
వచ్చి బెల్టు మీద కూర్చుంది."

నవ్వాడు. తలుపు దగ్గర వంతు కోసం
కూర్చున్న దోన్యా ఒటీలియా అందుకుంది:
"మన బొకదీయో తినమనండి.
వెలేస్ జామపండుది, బిహావో ఆకులో చుట్టింది.
ఆ రేకు పాపం అందులో లేదు."
ఆవిడ రక్తపరీక్ష కాగితం నా చేతిలోనే ఉంది.
ఆకులో చుట్టినా చక్కెర చక్కెరే అమ్మా.
ఆకు మట్టిలో కలుస్తుంది,
అంతవరకే దాని పుణ్యం.

తర్వాత అడిగాను, ముందే అడగాల్సింది:
ఎప్పుడు తింటావు?

"రాత్రి రెండింటికి, సోగమోసో దాటాక.
ఒక్క కొట్టూ తెరిచి ఉండదు.
ఆకలి కాదు డాక్టరమ్మా, కునుకు.
దవడ ఆడుతుంటే రెప్ప వాలదు.
వెనక నలభై మంది నిద్రపోతుంటారు."

నా చార్టులో ధాన్యాలకు గడి ఉంది, పండ్లకు ఉంది.
ఆ నలభై మందికి లేదు.

కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉండిపోయాను.
చివరికి రాశాను:
బయలుదేరే ముందు సూపు, మానకూడదు.
రెండు ఉడికిన గుడ్లు.
డబ్బా నిండా వేయించిన చిక్కుడు గింజలు,
రాళ్ళంత గట్టివి, ఒక్కొక్కటే నమలాలి.
బార్ వద్దని రాయలేదు.
"ఒకటి. సీటు కింద.
కొండచరియ పడి దారి మూసుకుపోయే రాత్రికి."

అతను వెళ్ళాక ఇంకా పదకొండు మంది.
నాలుగున్నరకి గుర్తొచ్చింది, నేను అన్నం తినలేదు.
సొరుగు లాగాను.
స్టేప్లరు పక్కన, చేతులు చాచుకుని,
ఆ శిఖరం మీద మనిషి.

ఆ రోజు మొత్తం మీద
నేను ఎక్కినవి ఇరవై రెండు మెట్లు.
చింపాను.