వీపు ముందు, వాదర వెనక

ట్రియెస్టేలో ఆ చలికాలం
బోరా గాలి చేపల బజారు రేకులు లేపుకుపోయిన వారమే
ఎర్మీనియో గారి దుకాణంలో తోలుపట్టీ పగిలింది,
కొక్కెం దగ్గర, కుట్టు పొడుగునా,
ఎండకు మడమ పగిలినట్టు.

"కొత్తది కావాలి. వెళ్ళి ఎంచుకు రా, నెరీనా."
పదకొండు నెలలుగా నేల ఊడుస్తూ, నురగ గిలక్కొడుతూ,
కత్తి ఇంకా ముట్టని నాతో
ఆ మాట అన్నాడు.

కొండ మీది ఊళ్ళో జోర్కో, ఒకప్పటి జీనుల పనివాడు.
గుర్రాలు పోయాయి. ఇప్పుడు బెల్టులు కుడతాడు.
బల్ల మీద ఐదు పట్టీలు పరిచాడు.
మెరిసేదాని మీదికి పోయింది చెయ్యి, మొదట.
మెరుపంతా మైనం. అరచెయ్యి జర్రున జారింది.
రెండోది బుగ్గలా మెత్తన:
కత్తి కుంగుతుంది, కుంగిన చోట వాదర మొద్దుబారుతుంది.
మూడోది పొట్ట తోలు, లాగితే సాగి, సాగినట్టే ఉండిపోయింది.
నాలుగోదాని మధ్య సన్నటి మచ్చ.
"ముళ్ళకంచె," అన్నాడు జోర్కో, "దూకబోయింది పాపం."
మనిషికైతే ఆ మచ్చ పర్లేదు. పట్టీకి పనికిరాదు.

ఐదోది గుర్రం పిర్ర తోలు.
మట్టి రంగు. మూడు వేళ్ళ వెడల్పు. అందం ఏమీ లేదు.
చెంపకు ఆనించుకున్నాను.
పిల్లి నాలుకలో పావు వంతు గరుకు,
వద్దనకుండా, రమ్మనకుండా, పట్టీ పట్టనట్టు పట్టుకునే గరుకు.
వెనక నారబట్ట, బిగువైన నేత.
ధర నా అరనెల జీతం. జోర్కో కళ్ళు పక్కకు తిప్పుకున్నాడు.

ఎర్మీనియో దాన్ని వాసన చూశాడు. ధర అడగలేదు.
నేను నూనె సీసా తీస్తే లాక్కుని అలమరలో పెట్టాడు.
"ఒకసారి అలవాటు చేశావా,
తాగుబోతు అల్లుడిలా రోజూ అడుగుతుంది.
అరచెయ్యి చాలు."
రాత్రి తలుపులు వేశాక
పైనుంచి కిందికి రుద్దేదాన్ని, తోలు వెచ్చబడేదాకా.
నా చెమట దానిలోకి, దాని వాసన నా అన్నం ముద్దలోకి.

పొయ్యికి దూరం. కిటికీకి దూరం.
పొద్దున్నే పొడిగుడ్డతో ఓసారి:
బోరా మోసుకొచ్చిన ఒక్క ఇసుక రేణువు చాలు
వాదర పళ్ళు ఊడగొట్టడానికి.

తర్వాత కత్తి చేతికిచ్చాడు.
నార మీద ఇరవై, తోలు మీద నలభై.
"పట్టీ బిగించి పట్టు. నొక్కకు.
బరువు కత్తిది, నీది కాదు.
వీపు ముందు, వాదర వెనక.
చివర్న వీపు మీదే తిప్పు."
తొమ్మిదో లాగుడుకి నాకు నేను నచ్చాను.
పదోదానికి వాదర మీద తిప్పాను.

తోలులో అర్ధచంద్రాకారంలో ఒక గాటు.
ఆయన అరవలేదు.
నురుగురాయితో అంచులు అరగదీశాడు, జిగురు పెట్టాడు,
ఖాతా పుస్తకం తెరిచి రాశాడు:
"నెరీనా బాకీ, ఒక నెలవంక."
నాలుగు వాయిదాల్లో వసూలు చేశాడు కూడా.

అప్పటినుంచీ ఆ చోటు దాటినప్పుడల్లా
కత్తి చిన్నగా "టిక్" అంటుంది.
వచ్చేవాళ్ళకు వినపడదు.
నాకు వినపడుతుంది. ఆయనకూ.

ఈ ఏడు ఆయన వేళ్ళు వణుకుతున్నాయి.
కాఫీ కప్పుకే రెండు చేతులు కావాలి.
శనివారం చివరి మనిషి వెళ్ళాక
తనే వచ్చి కుర్చీలో కూర్చుని, తువ్వాలు తనే చుట్టుకున్నాడు.
ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.
నార, తర్వాత తోలు.
టిక్. టిక్. టిక్.
బయట గాలి షట్టర్ పట్టుకుని ఊపుతోంది.
నురగ ఆరిపోతుందేమోనని ఆపేశాను.

"ముప్పై ఏడు," అన్నాడు, కళ్ళు మూసుకునే.

మిగిలిన మూడూ లాగాను.
ఆయన గడ్డం పైకెత్తాడు.