మూత మీద ముద్ర

బెథెస్డాలో వాన కురుస్తోందని ఎవరూ అనరు.
ఉంటుంది, అంతే.
పలకరాతి కొండల మీద, చిమ్నీల మీద,
ఇద్వల్ షెడ్డు రేకు మీద.

షెడ్డులో నీలం ప్లాస్టిక్ తొట్టి.
"ముందు నీళ్ళు, ఆ తర్వాతే ఆసిడ్.
తిరగేస్తే మొహానికొస్తుంది"
తనకు తనే మూడోసారి చెప్పుకున్నాడు.
ముప్పై ఏళ్ళు బస్సు నడిపినవాడు,
మలుపు రాకముందే పైకి అనుకోవడం అలవాటు.

ఇదంతా ఒక ఆయిల్ మూత కోసం.
పాత ట్రయల్స్ బండిది.
మూత చేసిన కంపెనీ ఏనాడో మూతపడింది.
లేతు మీద తనే తీశాడు:
మొదటిది వంకర, రెండోదానికి మర తప్పింది,
ఇది మూడోది.
తోమి, సోడాలో ముంచి, కడిగి, మళ్ళీ తోమి,
గ్లవ్స్ లేకుండా తాకలేదు.
జిడ్డు తగిలితే రంగు అలుగుతుంది.

పక్కింటి ఎలునెద్ వచ్చింది, చేతిలో జామ్ గిన్నె.
"రబార్బ్ వాసనొస్తే నా పూచీ లేదు" అంది.
అతను వంగి చార్జర్ వైర్లు చూసుకుంటుంటే
తువ్వాలు మీది మూత తీసి వెలుగుకు పట్టి
"ఇంతోటి దానికా ఈ హంగామా" అని
తిరిగి పెట్టేసింది.
పెనం దగ్గర్నుంచి నేరుగా వచ్చింది మనిషి,
వేళ్ళకింకా వెన్న.

మూతకు ప్లస్, సీసపు రేకుకు మైనస్.
రేకు దగ్గర బుడగలు, సోడా విప్పినట్టు.
గాలాడాలని తలుపు బార్లా తీశాడు,
వాన గడపలోకొచ్చి నిలబడింది.

గంటసేపు చూడ్డానికేమీ లేదు.
"ఏం చేస్తున్నట్టు?"
"తుప్పు పట్టిస్తున్నా."
"ఇన్నాళ్ళూ ఈ బండికి తుప్పు వదిలించావుగా!"
"ఇనుప తుప్పు ఇల్లు తింటుంది, ఇది ఇల్లు కాస్తుంది.
ఒంట్లోంచే తోలు నేసుకుంటుంది లోహం.
కెంపుకూ దీనికీ ఇంటిపేరొకటే."
ఎలునెద్ తొట్టిలోకి చూసింది,
కెంపేమీ కనపడలేదు.

తర్వాత బట్టల రంగు, ఎరుపు, గోరువెచ్చన దాటిన వేడిలో.
కంటికానని నోళ్ళు తెరిచి తాగింది మూత.
ఆపైన జామ్ గిన్నెలో అరగంట మరిగించాడు,
తాగిన నోళ్ళు మూసుకునేదాకా.

పైకి తీస్తే ఎరుపు కాదు,
రబార్బ్ కాడ రంగు.
దాని నడుమ, పాలిపోయి,
గీత మీద గీతగా సుడి తిరిగిన బొటనవేలు.

"వేలిముద్ర వేసేశావు" అన్నాడు చివరికి.

ఆమె చాలాసేపు చూసింది.
ప్రార్థన మందిరం పెళ్ళి పుస్తకంలో
ఊరందరి పేర్లూ రాసిన చెయ్యి అది,
నిరుటి నుంచి ఒణుకుతోంది.
"సంతకం కలవలేదని
బ్యాంకువాళ్ళు రెండుసార్లు తిప్పి పంపారు" అంది,
"ఇది కలుస్తుందేమో, అడుగు."

మళ్ళీ సోడాలో ముంచితే
పది నిమిషాల్లో తుడిచిపెట్టుకుపోతుంది.
తెలుసతనికి. సోడా ఉంది, ఆదివారం ఇంకా మిగిలుంది.

మీటరు ముళ్ళు రెండూ అంచున ఆనించాడు:
ఉలకలేదు. తోలు బాగా పట్టింది.
అటు ఆనించాడు, ఇటు ఆనించాడు,
మౌనం.
ముద్ర మీద, గీతకూ గీతకూ మధ్య, ఒక్కచోట
సన్నగా కూసింది మీటరు.
ఇంకోసారి ఆనించాడు.
కూసింది.

"ఏమంటోంది?"
"ఏం లేదు" అని మూత జేబులో వేసుకున్నాడు.
"గిన్నె మాత్రం ఇక పొయ్యెక్కించకు,
నీకు కొత్తది కొంటాను."
"అడుగు మందంగా ఉండాలి" అంది ఎలునెద్,
కొంగులేని తల మీదికి కోటు లాక్కుని
వానలోకి దిగుతూ.